పతకం వెనక ఆరక్షరాలు

మా చిన్నాయన కూతురి హారంలో, పతకం వెనక చెక్కిన ఆరక్షరాలు నాకు కంఠతా వచ్చు. అక్షరాలూ అంకెలూ కలగలిసి ఉంటాయి. వాటికి అర్థమంటూ ఏమీ లేదు. అయినా బస్సులో కూర్చున్నప్పుడు, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు అవి వాటంతటవే నాలుక మీదికి వస్తాయి. ఈ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాయలేదు. నేను చెప్పకుండానే ఒక్క మనిషి మాత్రం కనిపెట్టింది.

కదిరికి దగ్గరలోని మా ఊళ్లో మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. చిన్నాయన కూతురు నాకు చెల్లెలు. చుట్టాలొస్తే అది ఎదురుపోయి చేతిలో సంచీ అందుకుంటుంది. నేను వంటింట్లోకి పోయి, నీళ్లు ఎవరిచేత పంపించాలా అని చూస్తాను. వచ్చినవాళ్లు దానితో కాసేపు నవ్వి, ఆ తర్వాత "ఇంగో పిల్ల ఉండల్ల గదా, యాడ?" అని అడుగుతారు. దీనికి నేను చిన్నప్పుడే అలవాటుపడ్డాను. దానికి నాకంటే ముందు పెళ్లి కుదిరినప్పుడు కూడా నిజంగా బాధపడలేదు. ఆ పెళ్లికొడుకు నాకక్కరలేదు. నాకు కావలసింది జేజి మెడలోని గుండ్ల పేరు, ఆ బంగారు దండ.

జేజి అంటే మా నాయనకు, చిన్నాయనకు అమ్మ. ఆమె గుండ్లు శనగగింజంత ఉండేవి. పైన పల్చని బంగారు రేకు, లోపల లక్క. నేను చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుని, నిద్ర పట్టేదాకా ఆ గుండ్లను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య జరుపుతూ ఉండేదాన్ని. వాటిలో ఒకదానికి సొట్ట ఉండేది. పాలపళ్ల వయసులో నేను కొరికితే పడిన సొట్ట అది. "ఈ గుండు నీదే, ఎంగిలి చేసి పెట్టుకుంటివి" అని జేజి నవ్వేది. పెద్దదానివి కాబట్టి పేరంతా నీకే అని కూడా అనేది. అన్నప్పుడల్లా మేమిద్దరమే ఉండేవాళ్లం. సాక్షులెవరూ లేరు.

చెల్లెలి పెళ్లికి ముందు, ఉగాది దాటాక, ఆ గుండ్లను అనంతపురం తీసుకుపోయి మార్చి దానికి హారం తెద్దామని ఇంట్లో అనుకున్నారు. జేజి ఒప్పుకుంది. నన్నూ రమ్మన్నారు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పి పోలేదు. నేను ఊళ్లో ప్రైవేటు బడిలో చెప్తాను కనుక ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ పేపర్లు ముందురోజే అయిపోయాయి.

వాళ్లు సాయంత్రం తిరిగొచ్చాక జరిగినదంతా జేజి నోటనే విన్నాను. నగల అంగట్లో అద్దానికి అవతల ఒకాయన గుండ్లను మూసలో వేసి మంట పెట్టాడట. లక్కంతా పొగై పోయి, కడాన చిన్న ముద్ద మిగిలిందట. దాన్ని మిషన్లో పెట్టి చూసి మంచి బంగారమే అన్నారట. ఆ మాటకు జేజి మహా సంతోషపడింది. ఆమె కొత్త కోడలిగా వచ్చిన ఏడాది గుండ్లు చేయించినప్పుడు, కంసాలి ఆచారి కుంపటి తెచ్చుకుని మా అరుగు మీదనే కూర్చుని పని చేశాడు. అప్పట్లో పద్ధతి అదే. ఇచ్చిన బంగారం కళ్ల ముందరనే కరగాలి, కళ్ల ముందరనే సొమ్ము కావాలి. పని అయ్యేదాకా జేజి అత్త పీట వేసుకుని ఎదురుగా కూర్చుందట, కూడు కూడా అక్కడికే తెప్పించుకుని.

జేజి కూడా అంగట్లో అట్లాగే కూర్చుంది. కరిగేది చూసింది. ఆ తర్వాత వీళ్లు ఆమెను టిఫినుకు తీసుకుపోయారు. తిని వచ్చేసరికి పెట్టెలో హారం సిద్ధంగా ఉంది. "ఇడ్లీ తినేలోపల చేసిచ్చినారే. అంతా మిషన్లు గదా" అని నాతో చెప్పింది. నేను ఒక్క మాట కూడా అడగలేదు. సొంతంగా బంగారం కొన్నదాన్ని కాదు, ఆ అంగట్లో అడుగుపెట్టినదాన్ని కూడా కాదు. పైగా ఆ పూట నా బుర్రలో ఒకటే మెదులుతోంది. నా పంటి గుర్తున్న గుండు ఇక చెల్లెలి మెడలో ఉంటుంది.

పెళ్లిలో నగల సంచీకి కాపలా ఎవరంటే అందరూ నా వైపే చూశారు. పదిమందిలో తిరగనిదాన్ని నేనే కదా. బయట మేళం మోగుతుంటే విడిది గదిలో ఒక్కదాన్నే కూర్చుని హారాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. పతకం తిప్పి, ఫోను కెమెరా పెద్దది చేసి చూశాను. ముందొక త్రికోణం, ప్రభుత్వ ముద్ర. దాని పక్కన ఇరవైరెండు క్యారెట్ల గుర్తు, ఆ వెంటనే 916. వెయ్యి పాళ్లలో తొమ్మిదివందల పదహారు పాళ్లు బంగారం, తక్కినది రాగో వెండో అని దానర్థం. ఆ తర్వాత ఈ ఆరక్షరాలు. ఒక్కో నగకు ఒక్కోటి ఉంటుందని, ఒకదానిది ఇంకోదానికి ఉండదని ఎక్కడో చదివాను. పాత గుండ్లకు ఇలాంటి ముద్రలేవీ లేవు. ఉన్న ఒక్క గుర్తూ నా పన్ను పెట్టింది. అదీ కరిగిపోయి ఈ ఆరక్షరాలుగా మారిందనుకుని, ఎవరో వచ్చి హారం అడిగేదాకా వాటినే చదువుతూ కూర్చున్నాను.

తర్వాత మా ఇంట్లో ఏ మాట వచ్చినా హారం మీదికే పోయేది. పెళ్లి ఫోటోలో జేజి దాని పతకం పట్టుకుని నిలబడి ఉంటుంది. పెళ్లయ్యాక చెల్లెలు అనంతపురంలో కాపురం పెట్టింది. ఎప్పుడు ఊరికి వచ్చినా జేజి మొదట దాని మెడ వైపు చూసేది, తర్వాతే ముఖం వైపు. నేను ఆమె పక్కనే అదే మంచం మీద కూర్చుని ఉండేదాన్ని. నా మెడలో సన్న గొలుసు. దాన్ని ఆమె ఏనాడూ పట్టుకుని చూడలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చిన పేపరు ముక్క చదువుతుంటే, ఆ ఆరక్షరాలను ప్రభుత్వం వాళ్ల యాప్‌లో కొడితే నగ సంగతి తెలుస్తుందని కనిపించింది. నూనె చేతులు తుడుచుకుని వెంటనే కొట్టాను. అలాంటి నగ లేదు అని రావాలని నేను ఎంతగా కోరుకున్నానో ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి ఆడటం లేదు. కానీ వచ్చింది. హారమే, ఇరవైరెండు క్యారెట్లే, అంతా సరిగ్గా ఉంది. కింద ముద్ర వేసిన తేదీ ఉంది. కిందటి దసరా నాటిది.

జేజి గుండ్లు కరిగింది ఉగాది దాటాక. అప్పటికి నెలల ముందే ఈ హారం తయారై ముద్ర వేయించుకుని అంగట్లో అద్దం వెనక వేలాడుతోంది. అంగడివాళ్ల తప్పేమీ లేదు. పాత బంగారం తీసుకుని ఉన్న హారం ఇవ్వడమే వాళ్ల వ్యాపారం. జేజే అరుగు మీది ఆచారి పద్ధతిని అక్కడికి మోసుకుపోయింది, నేనూ ఆమె మాటే నమ్మాను. మొదట ఒళ్లంతా తేలికైంది. చెల్లెలి మెడలో జేజి లేదు. మరుక్షణమే, అయితే నా గుండు ఎక్కడికి పోయిందన్న ఆలోచన వచ్చింది. ఏ ఊళ్లో, ఎవరి చెవికి కమ్మై ఉందో. ఇక అసూయపడటానికి కూడా ఒక మెడ లేదు.

వరలక్ష్మీ వ్రతానికి చెల్లెలు పుట్టింటికి వచ్చింది. హారం మరీ బరువుగా ఉందని, స్కూటీ మీద తిరిగేదానికి పనికిరాదని, మార్చి గాజులు తీసుకుంటానని చెప్పింది. జేజి హారాన్ని చేతిలోకి తీసుకుంది, మళ్లీ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూటికి లేవమంటే లేవలేదు. చిన్నాయన కసిరాడు. వడ్డిస్తున్న చిన్నమ్మ, గాజులైనా దాని ఒంటి మీదనే ఉంటాయి కదా అత్తా అని నచ్చజెప్పబోయింది.

"ఒకసారి నా కండ్ల ముందర కరిగిస్తిరి," అంది జేజి. "మళ్లా కరిగిస్తే దాంట్లో ఇంగ నేనేం మిగుల్తానే?"

"నువ్వేమన్నా బెల్లమా అత్తా, కరిగిపోయేదానికి?" అని చిన్నమ్మ నవ్వించాలని చూసింది. ఎవరూ నవ్వలేదు.

నేను ఒక్క మాట చెబితే అంతా తేలిపోతుంది. అది నీ బంగారం కాదు జేజీ, ఎప్పుడూ కాలేదు. చెల్లెలికి గాజులు వస్తాయి. జేజికి మాత్రం మనవరాలి మెడలో తనదంటూ ఏమీ లేనట్టే. నేను జేజికి చెప్పలేదు. చెల్లెల్ని మిద్దె మీదికి పిలిచి ఫోనులో కొట్టి చూపించాను. అప్పుడు నా మనసులో ఏముందో నాకు బాగా తెలుసు. అది దడదడా మెట్లు దిగి జేజి ముఖం మీద ఆ మాట అనేయాలి. ఆ తర్వాత జేజి దాని మెడ వైపు ఇంకెప్పుడూ చూడకూడదు.

అది తేదీ రెండుసార్లు చదివింది. ఆ రోజు పైఅంతస్తులో హారాలు చూసి తానే ఏరుకున్నానని, కిందికి తెచ్చాక "ఇది నా గుండ్లదేనా?" అని జేజి అడిగిందని చెప్పింది.

"ఔనని నేనే అంటి," అంది. "ఆ మొగం సూసి ఇంగేం చెప్తామక్కా? తర్వాత నేనే మర్చిపోయినా."

"అయితే ఇప్పుడు చెప్పు. గాజులు తెచ్చుకోవచ్చు గదా," అన్నాను.

కాయలు కోసేసిన వేరుశనగ కట్టెను పశువుల మేతకని మిద్దె మీద ఆరబోసి ఉన్నారు. అది కాలితో దాన్ని అటూ ఇటూ జరుపుతూ కాసేపు నిలబడింది. కిందటేడాది వానలకు చేతికొచ్చింది ఆ కట్టె మాత్రమే.

"వద్దులే," అంది చివరికి. "గాజులు లేకుంటే నేనేం చస్తానా. ఎవరికీ చూపియ్యొద్దక్కా."

కిందికి పోయింది. ఏమందో నాకు వినిపించలేదు కానీ జేజి నవ్వు వినిపించింది, తర్వాత కంచం చప్పుడు. నేను ఊరికే కూర్చున్నాను. దాని రూపు, దాని మాట, దాని హారం, వీటన్నిటి మీద అసూయ నాకు పాతదే. ఈ మంచితనం మీద మాత్రం అప్పుడే కొత్తగా పుట్టింది. జేజికి ఆ పని నేను చేయవలసింది. చేతిలో అంతా పెట్టుకుని నేను చేయలేదు. అది ఒక్క నిమిషం ఆలోచించి చేసేసింది.

కొంచెం సేపటికి మళ్లీ పైకొచ్చింది. మెడలో హారం ఉంది. కొక్కెం జుట్టుకు పట్టుకుందని నా ముందు వెనక్కి తిరిగి కూర్చుంది. నేను వెంట్రుకలు విడదీస్తూ ఉంటే, తల వంచుకునే మెల్లగా అడిగింది.

"అక్కా, ఇందాక హారం జేజి ఒళ్లో ఉండె గదా. నువ్వు నంబరు యాడా సూడకుండానే కొట్టినావే."

నా వేళ్లు ఆగాయి. అది నా వైపు తిరగలేదు, నవ్వలేదు కూడా. నేను కొక్కెం తగిలించేదాకా ఆగి, పతకాన్ని తిప్పి మొదటిసారి దాని వెనక వైపు చూసుకుంది.

"నా మెడలో ఉండేదాన్ని నాకన్నా నువ్వే బాగా సూసినావక్కా."