అయ్యవారి సంతకం

మొన్న డోన్ పోస్టాఫీసులో కరిగిన లక్క వాసన ముక్కుకు తగిలింది. మనవరాలి బిడ్డకు చిన్న ఉంగరం ఇన్సూరు చేసి పంపుదామని పోయాను. కౌంటరులోని అమ్మాయి లక్కకడ్డీని కొవ్వొత్తి మంటకు పట్టి, పొట్లం కుట్లమీద బొట్లు బొట్లుగా కార్చి, ఇత్తడి ముద్ర అదిమింది. ఒకప్పుడు మా వంటి బడిపంతుళ్ళకు అది ఎలక్షన్ వాసన. పోలింగు ముగిసిన సాయంత్రం ఓట్ల పెట్టెకు సీలు వేసే వాసన. నేను కౌంటరు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఫారం మీద సంతకం చేయమని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగిందట.

దేవసహాయం అయ్యవారు హైస్కూల్లో మాకు సాంఘికశాస్త్రం చెప్పారు. చర్చి వెనక రెండు గదుల ఇల్లు, తెల్ల చొక్కా, ఏ కాలంలోనైనా చంకలో గొడుగు. శనివారం చివరి పీరియడులో పుస్తకాలు మూయించి, తన ముక్కాలిపీటను బల్ల ముందుకు లాగి ఒకణ్ణి దానిమీద కూర్చోబెట్టేవారు. కూర్చున్నవాడు ఈ దేశాన్ని నిలబెట్టిన పెద్దమనిషి. ఆ వారం పేపరులోని సంగతి ఒకటి చదివితే వాడు "మేము అనుకున్నది ఇదేనా?" అని అడగాలి. తక్కినవాళ్ళందరూ గవర్నమెంటు. ఒక్కొక్కరే లేచి జవాబు చెప్పాలి. పీటకోసం నేను మోచేతులతో పొడుచుకుంటూ పోయేవాణ్ణి. తీగతో కళ్ళజోడు చేసి పెట్టుకొని, గొంతు వణికించి, గవర్నమెంటును చెడామడా తిట్టేవాణ్ణి. పక్క క్లాసువాళ్ళు కూడా కిటికీలదగ్గరకు వచ్చేవారు. ఒకరోజు అయ్యవారు చెవి పట్టుకొని దింపారు.

"కోప్పడేది శానా సులువురా ఓబులేసూ. పీటమింద ఎవుడైనా కూచుంటాడు. కింద నిలబడి జవాబు చెప్పు, అప్పుడు తెలుస్తాది."

నాకు ఇంకో విద్య కూడా ఉండేది. అయ్యవారి సంతకం. పేరు చివరి సున్నాను గుండ్రంగా చుట్టి, దాని తోకను వెనక్కి లాగి పేరంతటి కింద గీతగా గీసేవారు. సెలవు చీటీలమీద అది పెట్టి, స్నేహితులను డోన్ సినిమాకు తోలేవాణ్ణి. ఒక చీటీ ఆయన చేతికే చిక్కింది. కొడతారనుకున్నాను. తిప్పి తిప్పి చూసి, "సున్నా నాకంటే బాగా చుట్టినావు గదరా" అని నవ్వి చించేశారు. ఆ రోజే కొట్టి ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత నేనూ అదే బడిలో పంతులునయ్యాను. ఆరు నెలలు తిరగకముందే ఎలక్షన్లు వచ్చాయి. మా పక్క తాలూకాలో ఒక పల్లెకు అయ్యవారు ప్రిసైడింగ్ ఆఫీసరు, నేను ఆయన కింద ఓటుచీటీలు చించి ఇచ్చేవాణ్ణి. ఆ రోజు జరిగింది డోన్ స్టేషను ముందు టీకొట్టులో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇరవైమంది వచ్చారు, నాటుబాంబులతో వచ్చారు, నేను ఓట్ల పెట్టెను కరుచుకొని పడుకున్నాను, ఇదిగో మోచేతిమీద మచ్చ. పోయిన ఏడాదికి ఆ ఇరవైమంది నలభైమంది అయ్యారు.

ఆ మచ్చ జొన్నకోతలో కొడవలి తగిలి పడింది. వచ్చినవాళ్ళు ఆరుమంది. బాంబులు లేవు. ఒకడి చేతిలో మాకోసం తెచ్చిన అన్నం క్యారియరు ఉంది.

"అయ్యవారూ, ఎండలో జనాన్ని ఎందుకు తిప్పలపెట్టేది? ఓట్లు మేమే గుద్దుకుంటాం. మీరు యాపచెట్టు కింద చల్లగా బువ్వ తినండి" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా.

ఓటుచీటీ వెనక ప్రిసైడింగ్ ఆఫీసరు సంతకం లేకపోతే అది చెల్లదు. తక్కిన ఆఫీసర్లు పొద్దున్నే కట్టలకు కట్టలు సంతకాలు చేసి పెట్టుకునేవారు. అయ్యవారు మాత్రం ఓటరు ఎదురుగా వచ్చి నిలబడితేనే చేసేవారు. మనిషిని చూడకుండా చేసేది సంతకం కాదనేవారు. అందుకే కట్టలన్నీ ఇంకా ఖాళీగా ఉన్నాయి. సంతకాలు చేయమని వాళ్ళంటే ఆయన చేయనన్నారు. వాళ్ళు ఆయనను కుర్చీతో సహా ఎత్తుకొనిపోయి వేపచెట్టు కింద దించారు. కాపలా పోలీసు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఇక్కడినుంచి జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. సంతకం లేని కట్టలతో ఏం చేయాలో తోచక వాళ్ళు బిక్కమొగం వేసుకున్నారు. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ అడగనుకూడా లేదు. "ఆయన సంతకం నాకు వస్తుంది" అని నేనే అన్నాను. భయం కొంత. కొంత మాత్రం చేతనైన విద్య చూపించుకోవాలనే యావ. మూడు కట్టలమీద పెట్టాను. నా వెనక ఎవడో "అబ్బ, ఏం చెయ్యప్పా నీది" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు నాకు సంతోషం కూడా కలిగింది.

బయట జనాన్ని మీ ఓట్లు పడిపోయాయని పంపేశారు. ఒక ముసలమ్మ ఇంకు పడని వేలు అయ్యవారికి చూపించి, "నాది ఎవురేసినారు సామీ?" అని అడిగింది.

సాయంత్రం పెట్టెకు సీలు వేసేటప్పుడు, సంతకం పడి మిగిలిపోయిన చీటీ ఒకటి ఆయన చేతికి వచ్చింది. లక్క కారుతూనే ఉంది.

"సున్నా నాకంటే బాగా చుట్టినావప్పా" అన్నారు.

ఆఫీసరు రాయాల్సిన పోలింగు డైరీ తెరిచారు. జరిగింది రాస్తే ఎలక్షన్ మళ్ళీ పెడతారు. కానీ ఈ సంతకాలు తనవి కావని రాయాలి. రాస్తే ఎవరివని అడుగుతారు. కలం మూత తీసి, "మీ ఇంట్లో ఆమెకు ఎన్నో నెల?" అని అడిగారు. ఏడో నెలన్నాను. 'పోలింగు ప్రశాంతంగా ముగిసినది' అని రాసి, కింద తన సంతకం తానే పెట్టారు. ఆ రోజు సంతకాలన్నిటిలోకీ వంకరగా ఉన్నది అదే.

ఆ తర్వాత ఆయన శనివారం పీట వేయలేదు. ఆయన రిటైరయ్యాక ఇంటికి పోయినప్పుడు పీట ఏమైందని అడిగాను.

"ఉండాది. మా ఇంటామె దానిమింద నీళ్ళకుండ పెట్టుకునింది. ఆ పెద్దోళ్ళొచ్చి అడిగితే చెప్పే మొగం నాకు లేదప్పా."

"తప్పు నాది గదా అయ్యవారూ."

"రాసింది నా చెయ్యి."

ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. పెట్టెను కరుచుకొని పడుకున్న కథ చెప్పాను. ఆ ఒక్కసారి మాత్రం పడుకున్నది ఆయన అన్నాను. అందరూ ఏడ్చారు.

ఇప్పుడు కుర్చీలు ఎత్తుకుపోయేవాళ్ళు రావడం లేదు. ఆ అవసరమే లేదు. ఓటు బేరం ఇంటి గడపలోనే తీరిపోతుంది. గెలిచినవాడి కండువా రంగు మనం చూసుకునేలోపలే మారిపోతుంది. దేశాన్ని నిలబెట్టినవాళ్ళు ఇది చూస్తే ఏమంటారని టీకొట్టులో రోజూ పంచాయితీ. ఉమ్మేస్తారని ఒకరు, ఏడుస్తారని ఒకరు. అందరికంటే పెద్ద గొంతు నాదే. ఊరు ఊరంతా పీటమీద కూర్చొని ఉంది. కింద నిలబడేవాడు ఒక్కడూ లేడు. నిలబడిన ఒక్క అయ్యవారినీ నేనే అక్కడినుంచి తప్పించాను.

పోస్టాఫీసులో నా పేరు రాయబోతే చెయ్యి వణికి ఫారం పాడైంది. కొత్త ఫారం తీస్తున్న ఆ అమ్మాయిని చూస్తూ, పాడైనదాన్ని తిప్పి ఊరికే ఆయన సంతకం పెట్టాను. వణకలేదు. సున్నా గుండ్రంగా వచ్చింది. తోక సాఫీగా వెనక్కి పోయింది.

"ఇదెవురిది తాతా?"

"మా అయ్యవారిదమ్మా."

"ఆయనది నువ్వెట్ల పెడతావు?"

కింద నిలబడి జవాబు చెప్పడం ఎట్లా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను.