ముందుకు జరిగిన గాటు

మెసైమీర్‌లో నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో చంటివాడికి జ్వరం. మందు కొలిచే సిరంజీ గొట్టం మీది గీతలు కంటికి ఆనక చెయ్యి దూరంగా చాచాను. అచ్చం మా నాయన చెయ్యే.

నాయన కమ్మరి. వేరుశనగ చేలమీద అడవిపందులు పడుతున్నాయని రైతులు ఆయన చేత నాటు తుపాకులు చేయించుకునేవాళ్లు. నా చిన్నప్పుడు ఒకరోజు చెకుముకి తుపాకీ గొట్టం మీద, గురి చూసే గాటున్న రేకును మైనంతో అంటించి, చెంప ఆనించి చూశాడు. పీకి ఇంకాస్త ముందుకు అంటించాడు. మళ్లీ పీకాడు. వేడి మైనం వాసనలో ఆయన చెమట వాసన.

"అంత దూరం ఎందుకు నాయనా?"

"దూరం పెడితే గుండు దూరం పోతాది పాపా. ఎవురికీ చెప్పొద్దు."

తలూపాను. మర్నాడే బడిలో గొప్పగా చెప్పేశాను. ఆ మాట విన్న పెద్దవాళ్లకు మాత్రం సంగతి అర్థమైంది, దగ్గరుంటే గాటు ఆనడం లేదని, కమ్మరికి దగ్గరి చూపు పోయిందని. ఆ తర్వాత మా కొలిమి దగ్గరికి ఎవరూ రాలేదు.

ఇక్కడా అంతే. నాకూ చూపు ఆనడం లేదని తెలిస్తే మేడమ్ టికెట్ కొని ఊరికి పంపించేస్తుంది.

"ఎందుకంత దూరం పట్టుకున్నావ్?" అని ఏడేళ్ల ఇంటిపిల్ల అరబ్బీలో అడిగింది. గొట్టం దాని చేతికిచ్చి, మందు ఐదో గీత దాకా ఉందో లేదో చూడమన్నాను. మీ అమ్మకు చెప్పొద్దు తల్లీ అని వచ్చిన అరబ్బీలోనే బతిమాలాను.

నవ్వుతూ తలూపింది. నేనూ అట్లాగే ఊపాను ఆ రోజు.