బుజ్జిబాబు కొత్త వెర్షన్

అనంతగిరి కాఫీ తోటల పైన సిగ్నల్ అందే బండ ఒక్కటే ఉంది. పొద్దున్నే దాని మీద పాంగి బుజ్జిబాబు మఠం వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్‌కు మంచు తగలకుండా తన తువ్వాలు కప్పి కూర్చుంటాడు. మిరియాలు, కాఫీ గింజలు, పసుపు అమ్మే ఆన్‌లైన్ దుకాణం అతనిది. దాన్ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పెద్ద కొత్త వెర్షన్ వస్తుందని ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాడు. పాతదాంట్లో మిరియాలు నొక్కితే బుట్టలో పసుపు పడుతోంది. ఎవరేమన్నా, "కొత్తది రానీ" అంటాడు. ఇంటి కప్పు కారుతోందని భార్య హేమలత మొత్తుకున్నా అదే జవాబు.

మొన్న అది వచ్చేసింది. బుజ్జిబాబు బండ మీంచి దూకి, ముహూర్తాలు చెప్పే దిశారి అప్పన్న దగ్గరికి పరుగెత్తాడు. మామిడికాయైనా, కొర్రలైనా, దిశారి చెప్పిన రోజున కొత్త పండగ చెయ్యనిదే ఆ ఊళ్లో కొత్త పంట ఎవరూ నోట పెట్టరు మరి. అప్పన్న ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకెవులైనా దీన్ని వాడినారేటి?"

"లేదు తాతా, ఇయ్యాలే వచ్చింది."

"అయితే ఆగు. ముందు పైఊరోళ్లని తిననీ. ఆళ్లకి కడుపునొప్పి రాకపోతే మనకి రోజు సెప్తాను."

మర్నాడు బుజ్జిబాబు మళ్లీ బండ మీదే ఉన్నాడు. హేమలత కిందనుంచి కప్పు సంగతి అడిగింది.

"ఉండవే, పైఊరోళ్ల కడుపుల సంగతి తేలనీ!"