షూటింగ్ అనుకున్న పొగ

ఆ రోజు తప్పు నాదే. కాకినాడ నుంచి తెచ్చిన నా పాత కారులో ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతుంటే, అక్క మెకానిక్‌కి చూపించమన్నా వినకుండా, ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేశాను.

ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుండగా స్టీరింగు ముందున్న మీటర్ల వెనక నుంచి పొగ కమ్మింది. నేను బయటికి దూకాను. వెనక తలుపు బిగుసుకుపోయింది. వెనక సీట్లో ఉన్న అక్క లోపల నుంచి అద్దం బాదుతోంది. చుట్టూ చేరిన జనం ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు.

"కెమెరా ఏడ పెట్టిండ్రన్నా?" ఒక ఆటో డ్రైవరు నవ్వుతూ అడిగాడు.

"షూటింగ్ కాదు బాబూ! లోపల మా అక్క ఉంది!" అరుస్తూనే తలుపు పిడి పట్టుకుని లాగాను.

"మొన్న గిట్లనే ఉరికొస్తే, షాట్ ఖరాబ్ చేసినవని తిట్టిండ్రు..." అంటూనే అతను అక్క ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఇద్దరం కలిసి లాగితే తలుపు ఊడొచ్చింది. అక్క దగ్గుతూ రోడ్డు మీద కూలబడింది. అతనే బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకేశాడు.

మర్నాడు షేక్‌పేటలో మెకానిక్ పక్కనే కూర్చుని, పైతొడుగు అరిగి ఇనుముకు తగులుతున్న వైరు దొరికేదాకా వెతికించాను. అంతా బాగయ్యాక కూడా అక్కను కారెక్కమని అడగలేదు. ఆమెతో రైల్లో కాకినాడ వెళ్లి, ఇంట్లో దించి, కారు కోసం ఒక్కడినే తిరిగొచ్చాను.