జలాంతర్గామిలో ఆకుపచ్చ తెర

2004 ఆగస్టు ఎనిమిదో తేదీ ఆదివారం నాడు, నలభై మంది సభ్యుల ఎదుట, కృపమ్మను ఎవరూ దొంగ అనలేదు. అంతకన్న మర్యాదైనదీ అంతకన్న హీనమైనదీ అయిన మాట ఒకటి వెతికి పట్టుకొని, ‘ప్రభావితురాలు’ అన్నారు. ఆనాటి సమావేశపు మినిట్స్ ప్రతి నా దగ్గర ఉంది. ఆ మాట మూడో పేజీలో రెండు సార్లు కనిపిస్తుంది.

ఆ సభ తూర్పు బెంగళూరు తెలుగు సాహితీ మండలిది. హూడిలో ఒక కల్యాణ మండపం మేడ మీద నెలకొకసారి కూడేవాళ్లం. కృపమ్మ రాసిన పది హాస్య నాటికలను మండలి తన తొలి ప్రచురణగా అచ్చు వేయడానికి అంతకు ముందు నెలలోనే తీర్మానం చేసింది. డిసెంబరులో ఆమె నర్సు ఉద్యోగం నుంచి విరమించబోతున్నది. పుస్తకం ఆ నెలకే రావాలని అందరి కోరిక. అటువంటి సమయంలో సాహిత్య కార్యదర్శి వెంకటేశ్వర్లు లేచి, అందరికీ తలా ఒక కాగితం పంచాడు. అతడు కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చదువరి, నిజాయితీపరుడు. ఈ మూడూ ఒప్పుకొనే చెబుతున్నాను. ‘గూఢచారి గరుడాక్ష’ నవలలు ఇరవై రెండూ అతనికి కంఠస్థం. ఆ నవలలకూ కృపమ్మ నాటికలకూ మధ్య పదిహేడు పోలికలు పట్టిక కట్టి తెచ్చాడు. నవలలు 1998 నుంచి వెలువడ్డాయి. రెండు టీవీ సీరియళ్లుగా కూడా వచ్చాయి. కృపమ్మ ఇచ్చిన వ్రాతప్రతి మీద ఉన్న తేదీ 2003.

“నాకు చాలా బాధగా ఉంది. కానీ క్రోనాలజీ క్లియర్‌గా ఉంది కదా మేడం” అన్నాడతడు.

అచ్చు ఆగిపోయింది. నాటికలు తనవేనని ఆమె రుజువు చేసుకొంటే తప్ప పుస్తకం లేదు. రుజువు చేయలేకపోతే, పుస్తకం మాట అటుంచి, పాతికేళ్లు ఒక్క ఆసుపత్రిలో తలెత్తుకొని తిరిగిన మనిషి ఆ డిసెంబరులో తల దించుకొని బయటికి నడవాలి.

ఆ ఆసుపత్రి రికార్డు గదిలో నేను ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కృపమ్మ నాటికలు మొదలైనప్పుడు చూశాను, ముగిసినప్పుడూ చూశాను. అందుచేత ఈ సంగతి రాయడానికి నాకు అర్హత ఉందని భావిస్తున్నాను.

ఆమెది మదనపల్లె ప్రాంతం. 1979లో ఇక్కడికి వచ్చింది. భర్త జాన్ అదే ఆసుపత్రిలో ఆంబులెన్సు డ్రైవరు. 1992లో మేట్రన్ గారి ఫ్లాస్కు పోయింది. అనుమానం ఆయాల మీద పడింది. ఆయాల సంచులు వెతికారు. కడకు ఆ ఫ్లాస్కు మేట్రన్ గారి బీరువాలోనే దొరికింది గాని, వెతికినవాళ్లు ఎవరూ ఆయాలకు క్షమాపణ చెప్పలేదు. కృపమ్మ వాదించలేదు. ఆ నెల మూడో ఆదివారం సిబ్బంది భోజనశాలలో ఒక నాటిక వేసింది. పేరు ‘పత్తేదారిణి పరంజ్యోతమ్మ’; పత్తేదారిణి అంటే డిటెక్టివ్. పరంజ్యోతమ్మ అనే ఆయా, పెద్ద డాక్టర్లకు అంతుపట్టని దొంగతనాలను చీపురు చేత పట్టుకొని ఛేదిస్తుంది. జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మేట్రన్ గారు కూడా నవ్వవలసి వచ్చింది. ఆ తరువాత ఐదేళ్లలో మరి తొమ్మిది నాటికలు వచ్చాయి.

కృపమ్మ జట్టు పనిచేసే పద్ధతి విచిత్రమైనది. మొత్తం నాటిక ఒకచోట రాసి ఉండేది కాదు. పాత టెంపరేచర్ చార్టుల వెనుక ఎవరి మాటలు వారికి కృపమ్మ రాసి పంచేది. నటులు నలుగురే: కృపమ్మ, జాన్, ఆయా సొన్నమ్మ, ల్యాబు టెక్నీషియన్ స్టాన్లీ. నాటిక ఒంటిగంటకు మొదలై రెండున్నరకు ముగిసేది. రెండు గంటలకు మొదలయ్యే డ్యూటీ పడినవాళ్లు ఒంటిగంటా ముప్పావుకు వేషం తీసి వెళ్లక తప్పదు. అందువల్ల డ్యూటీ పట్టిక వచ్చిన తరువాతే కృపమ్మ మూడో రంగం రాసేది. ఆనాడు ఎవరికి డ్యూటీ ఉంటే ఆ పాత్రకు ‘అర్జెంటు కబురు’ వచ్చి వెళ్లిపోయేది, తిరిగి వచ్చేది కాదు. సూపరింటెండెంటు, దొంగ – రెండు వేషాలూ స్టాన్లీవే గనుక ఆ ఇద్దరూ ఎన్నడూ ఒకరికొకరు ఎదురుపడేవారు కాదు. దాక్కోవడానికి వార్డులోని ఆకుపచ్చ గుడ్డ తెర ఒకటి. పోయిన వస్తువు దొరికేది ఎప్పుడూ ఫ్లాస్కులోనే, ఎందుకంటే మేట్రన్ గారు పెద్ద మనసుతో ఇచ్చిన సామాను అదొక్కటే.

అయితే 2004లో ఇదంతా నోటి మాటే. చార్టులు ఎప్పుడో చిత్తుకాగితాలకు పోయాయి. మండలికి ఇచ్చిన వ్రాతప్రతి కృపమ్మ 2003లో జ్ఞాపకం మీద రాసినది. నా దగ్గర పది నాటికల కరపత్రాలు ఉన్నాయి గాని, వాటిలో పేరు, తేదీ, నటవర్గం తప్ప కథ లేదు. వెంకటేశ్వర్లు వాటిని శ్రద్ధగా చూసి, “నాటికలు వేశారని ప్రూవ్ అయింది సార్. అందులో ఏముందో ప్రూవ్ కాలేదు” అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన కోపాన్ని ఇక్కడ రాయను.

మరునాడు కృపమ్మ ఇంటికి వెళ్లి, లాయరు నోటీసు ఇద్దామన్నాను.

“ఉండన్నా. నోటీసు ఎవరికిస్తావు? ముందు చదవల్ల కదా ఆ బుక్కులు” అన్నది. వెంకటేశ్వర్లు దగ్గరికే మనిషిని పంపి నవలలన్నీ ఎరువు తెప్పించింది. అతడు అట్టలు వేసి మరీ పంపాడు.

పది రోజులు చదివింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం టీ వేళ నన్నూ స్టాన్లీనీ కూర్చోబెట్టి, ముందు నవ్వింది.

“భుజంగరావన్నా, సబ్‌మెరైన్‌లో ఆకుపచ్చ గుడ్డ తెర ఎందుకుండాది?”

“ఎక్కడ సిస్టర్?” అన్నాను.

“ఐదో బుక్కులో. సముద్రం అడుగున. గరుడాక్ష దాని వెనక దాక్కుంటా ఉండాడు. కైరోలోనూ అదే తెర, బెర్లిన్‌లోనూ అదే. అణుబాంబు రహస్యం యాడ దొరికిందో చెప్పు స్టాన్లీ.”

“యాడక్కా?”

“ఫ్లాస్కులో.”

స్టాన్లీకి టీ కొరబోయింది.

అంతటితో ఆగలేదామె. మొదటి ఏడు నవలలలో ప్రతి దానిలోనూ సరిగ్గా నడిమిభాగంలో ఒక పాత్రకు అర్జెంటు కబురు వచ్చి వెళ్లిపోతుంది. నవలలో దానికి కారణం లేదు. మూడో నవలలో పోలీసు అధికారి, నాలుగో దానిలో రాయబారి భార్య. మూడో నాటికలో వెళ్లిపోయేది జాన్ వేసిన పోలీసు. నాలుగో దానిలో సొన్నమ్మ వేసిన మేట్రన్. “ఆ దినాల డ్యూటీ లిస్టులు దొరికితే సాలు. కానీ పదేండ్ల కిందటివి యాడుంటాయి” అన్నది.

మా ఇంట్లో ఉన్నాయి. నోటీసు బోర్డు నుంచి తీసేసిన డ్యూటీ పట్టికలను పారవేయమన్నారు. పారవేయడం నాకు చేతకాలేదు. ఆ సాయంత్రమే తీశాం. 1993 సెప్టెంబరు 19, మూడో నాటిక: ఆంబులెన్సు, రెండు గంటలు, జాన్. 1994 మార్చి 20, నాలుగో నాటిక: ప్రసూతి వార్డు, రెండు గంటలు, సొన్నమ్మ. ఏడింటికి ఏడూ సరిపోయాయి. ఆసుపత్రి సంతకమూ ముద్రా ఉన్న కాగితాలు, గరుడాక్ష పుట్టడానికి కొన్నేళ్ల ముందువి.

“ఎవరో హాల్లో కూచోని చూసి రాసుకున్నారు” అన్నాను.

“హాల్లో కాదన్నా” అన్నది కృపమ్మ. “పని అయిపోతానే గరుడాక్ష మడమతో నేలమీద మూడుసార్లు కొడతాడు. ఎందుకో రాయలేదు. నాటిక అయినాక తెర దించమని నేను కొడతా ఉంటినే, అది. ముందర కూచున్నోళ్లకు వినపడదు. తెర తాడు పట్టుకున్నోనికే వినపడుతుంది.”

కరపత్రం తిప్పి చూశాను. పదింటి మీదా చివరి పంక్తి ఒక్కటే: తెర – ఓంకార్.

ఓంకార్ అప్పట్లో ఆసుపత్రి లిఫ్టు నడిపేవాడు. 1997లో మానేసి, చందాపుర దగ్గర ఒక కర్మాగారంలో స్టోర్సులో చేరాడు. నవలల మీద ఉన్న కలం పేరు ‘ప్రళయ్’; ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో పాఠకులకు తెలియదు. ఆదివారం నాడు మేం ముగ్గురం ఓంకార్ ఇంటికి వెళ్లాం. కృపమ్మను గుమ్మంలో చూడగానే అతడు లేచి నిలబడి, బనియను మీదికి చొక్కా వెతుక్కున్నాడు.

“రండి సిస్టరమ్మా. బుక్కుల సంగతేనా?”

“అవునప్పా. నా నాటికలు ఎత్తి రాసినావంట.”

“ఎత్తలేదు సిస్టరమ్మా. దేవుని తోడు. గరుడాక్ష నావాడే, దేశాలు నావే, తుపాకులు నావే.”

“మరి సబ్‌మెరైన్‌లో తెర?”

ఓంకార్ చొక్కా గుండీలు పెట్టుకొన్నాడు. “నేను మీ నాటకాలు తప్ప ఇంకేం చూడలేదు. ఐదేండ్లు తాడు పట్టుకోని అవే చూస్తి. కథంటే మధ్యలో ఒకరు పోవల్ల, ఒక తెర ఉండల్ల, కడకు ఫ్లాస్కులో దొరకల్ల – అది రూలు అనుకుంటి. పెట్టకపోతే కథ కుదరదేమో అని భయం. ఏడో బుక్కు అయినాక ఎడిటరు అడిగినాడు, ‘ఈ ఫ్లాస్కు ఏంది సామీ’ అని. అప్పుడు మానేసినా.”

నేను తెచ్చిన నోటీసు ముసాయిదా తీయబోయాను. కృపమ్మ నా చేతి మీద కొట్టింది.

“అది లోపల పెట్టన్నా. ఓంకారూ, ఇప్పుడు నాతో చెప్పింది వచ్చే ఆదివారం హూడికి వచ్చి చెప్పల్ల. నోరు తెరిచి, అందరి ముందర.”

“నా పేరు బయటపడుతుంది సిస్టరమ్మా.”

“నాది బయటపడింది కదప్పా, దొంగదని.”

అతడు వస్తానన్నాడు.

ఆగస్టు 29న మండలి ప్రత్యేక సమావేశానికి మండపం మేడ నిండిపోయింది. సొన్నమ్మ మొదలు ఆసుపత్రి సగం అక్కడే ఉంది. కృపమ్మ డ్యూటీ చీర మార్చుకోకుండానే వచ్చి, వేదిక ఎక్కకుండా వెంకటేశ్వర్లు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నది.

“వెంకటేశ్వర్లు గారూ, మూడో బుక్కులో పోలీసు దొర ఏమైనాడు?”

“అర్జెంట్ కాల్ వచ్చి వెళ్లిపోతాడు మేడం.”

“మళ్లా వస్తాడా?”

“రాడు. అది ఓపెన్‌గా వదిలేశారు. డబుల్ ఏజెంట్ అని మా రీడర్స్ గ్రూప్‌లో ఒక థియరీ ఉంది.”

“డబుల్ ఏజెంట్ కాదప్పా, ఆంబులెన్సు డ్రైవరు. రెండు గంటల డ్యూటీకి పోయినాడు.” రెండో వరుసలో జాన్ లేచి నిలబడ్డాడు. “పోకుంటే మెమో ఇస్తారు సార్” అన్నాడు. నేను డ్యూటీ పట్టిక అందించాను. వెంకటేశ్వర్లు తేదీ చదివాడు. మళ్లీ చదివాడు. సభ నవ్వడం మొదలుపెట్టింది.

“గరుడాక్ష బాసూ విలనూ ఎప్పుడన్నా ఒక గదిలో ఉండారా?”

“లేరు మేడం. ఆ ఇద్దరూ ఒక్కడే అని నేను పద్నాలుగు పేజీల ఆర్టికల్ రాశాను.”

“బాగా రాసినావు. ఒక్కడే. అదో, స్తంభం పక్కన కూచోనుండాడు.”

స్టాన్లీ చెయ్యెత్తాడు. “మీసం ఒకటే ఉండె సార్. ఊడదీసి మళ్లా అంటించేదానికి టైం కావల్ల కదా.”

ఏడు పట్టికలూ ఏడు నవలలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించే సరికి వెంకటేశ్వర్లు తన పదిహేడు పోలికల కాగితాన్ని తానే మడిచేశాడు. అప్పుడు వెనుక వరుస నుంచి ఓంకార్ ముందుకు వచ్చి, తానే ప్రళయ్‌నని చెప్పాడు. గరుడాక్ష అభిమానులు పది మంది దాకా లేచి నిలబడ్డారు. “నాకు కథ రాయడం నేర్పింది ఈయమ్మే. ఈయమ్మకు తెలీకుండా నేర్పింది. ఇకమీద వచ్చే అచ్చుల్లో మొదటి పేజీలో ఆ మాట వేయిస్తా” అన్నాడు. అతని మాట నిలబెట్టుకొన్నాడని ఇక్కడే రాస్తున్నాను. ఆ ఏడు నవలల కొత్త ముద్రణలు నా దగ్గర ఉన్నాయి.

అధ్యక్షుడు సర్దుబాటుగా, పాత మినిట్స్‌లో తగిన సవరణ చేర్చుకుంటామన్నాడు. కృపమ్మ ఒప్పుకోలేదు.

“ఆ మాట గట్టిగా చదివినారు సార్ ఆ దినం. ఈ మాటా గట్టిగానే చదవండి.”

వెంకటేశ్వర్లు తానే మైకు తీసుకొన్నాడు. “నేను పొరపాటు పడ్డాను. పోలికలు నిజం. నేను దిక్కు తప్పు చూశాను. నాటికలు ముందు, నవలలు తరువాత. శ్రీమతి కృపమ్మ గారు ఎవరి ప్రభావానికీ లోను కాలేదు. ఆమె ప్రభావమే ఇరవై రెండు నవలల దాకా పోయింది” అని ప్రతి ముక్కా విడమరచి చదివాడు. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. కింద పెళ్లివారు ఏమయిందోనని మెట్ల మీదికి వచ్చి చూశారు.

అచ్చు తిరిగి మొదలు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పుస్తకానికి ఘనత వచ్చేలా ఎవరైనా పెద్ద ప్రొఫెసరు చేత ముందుమాట రాయిద్దామని అధ్యక్షుడు ప్రతిపాదించాడు.

“వద్దు సార్. దొంగ కాదని చెప్పేదానికి ఇన్ని దినాలు పట్టింది. నా బుక్కులో మొదటి మాట నేనే చెప్పుకుంటా” అన్నది కృపమ్మ.

మరునాటి సాయంత్రానికి నాలుగు పేజీలు రాసి పంపింది. పోయిన ఫ్లాస్కుతో మొదలుపెట్టి, ఆనాడు సంచులు వెతికించుకొన్న ఆయాలందరి పేర్లూ వరుసగా రాసింది. డిసెంబరులో ఆ నాలుగు పేజీలూ ఒక్క మాట మారకుండా అచ్చయ్యాయి.