నాలుక చప్పుడు

మా అన్న కళ్ళు పైకి బాగానే కనిపిస్తాయి. కుసుమంచి దగ్గర రాళ్ళ క్వారీలో పేలుడు జరిగినప్పుడు తలకు దెబ్బ తగిలి, లోపలి నరం చచ్చి చూపు పోయింది. ఆ తర్వాత ఇంటి గడప దాటాలన్నా భయపడేవాడు.

నేను టేకులపల్లిలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్న పక్కన కూర్చుని గబ్బిలాల సంగతి ఎత్తాను. చిన్న గబ్బిలాలు గొంతుతో కూసి, తగిలి తిరిగొచ్చే చప్పుడును బట్టి దారి పోల్చుకుంటాయి. డాల్ఫిన్ ముక్కు లోపల చప్పుడు పుట్టిస్తుంది. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు కళ్ళనే నమ్ముకుంటాయి గానీ, గుహల్లో ఉండే ఒక రకం మాత్రం నాలుకతో టక్కుమనిపిస్తుంది.

"ఇవన్ని ఒక్క జాతియేనా చెల్లె?"

"కాదన్నా. దేనికది విడిగానే, ఈ విద్య లక్షల ఏండ్లల్ల వచ్చింది. కండ్లు పనిచెయ్యని కాడ బతకాల్సొచ్చిన వాటికి."

"నాకు గన్ని ఏండ్లు యాడున్నయ్?"

"మనుషులు జల్దీ నేర్చుకుంటరు. నాలుకతోని చేసి చూడు."

చేశాడు. వానాకాలం వచ్చేసరికి గోడ ఏదో, తెరిచిన తలుపు ఏదో చెప్పగలిగాడు. ఒంటరిగా కిరాణా కొట్టుకు వెళ్ళొచ్చిన రోజు వదిన ఏడ్చింది.

తర్వాత వికలాంగుల సర్టిఫికెట్ కోసం దవాఖానాకు తీసుకెళ్ళాము. అన్న నాలుక ఆడిస్తూ లోపలికి నడిచి, అడ్డంగా ఉన్న కుర్చీని తప్పించుకుని నిలబడ్డాడు. డాక్టర్లు మొహాలు చూసుకున్నారు.

"కనపడనోడు కుర్చీ ఎట్ల తప్పుకున్నడు?"

నేను గబ్బిలాల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. వాళ్ళలో పెద్దాయన నవ్వాడు.

"మేడం, ఈయన మనిషి. గబ్బిలం కాదు."

కాగితం మీద కొట్టివేత గీత పడింది.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఆటోలో వదిన అన్నతో మెల్లగా అంది: "ఈసారి నోరు మెదపకు."

మెదపలేదు. నాలుక ఆడించకుండా అన్న నాలుగడుగులు వేసి బల్ల అంచుకు గుద్దుకుని పడ్డాడు. మోకాలు చిట్లింది. ఆ రక్తం చూసి సంతకాలు పెట్టారు.

తిరిగి వస్తూ, "ఇగ నీ ఇష్టమొచ్చినట్టు నడువు అన్నా" అన్నాను.

"ఎవడన్న చూసి చెప్తే ఇచ్చింది గూడ గుంజుకుంటరు" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో బయటివాళ్ళెవరూ లేనప్పుడు కూడా గోడ తడుముకుంటూనే నడుస్తాడు.