అల్లుడి కొలతకు కొన్న తుపాకీ

మా బావగారు సత్యానందంగారికి ముందుచూపు ఎక్కువని ఏలూరంతా చెప్పుకుంటుందని ఆయనే చెబుతుంటారు. ఇంకెవరి నోటా నేను వినలేదు. ఆ ముందుచూపు ఎలాంటిదో మా అక్క పెళ్ళయిన దగ్గరనుంచీ చూస్తున్నాను. ఒక్కగానొక్క కూతురు లిడియాకు మూడో తరగతిలో కొన్న బూట్లు ఆరో తరగతికి పాదానికి పట్టాయి. అప్పటికి వాటి అడుగులు ఊడిపోయాయి. మా అక్కకు చెప్పులు కొంటే అవసరానికి తనకూ పనికొచ్చే సైజే కొంటారు. ఆ మహాతల్లి ముందువైపు గుడ్డపేలికలు కుక్కుకుని చర్చికి నడిచేది తప్ప పల్లెత్తు మాట అనేది కాదు.

లేనివాడు ఇలా చేస్తే నేను నోరెత్తను. ఈయనకు పెదవేగిలో పామాయిల్ తోట ఉంది, ఏలూరులో డాబా ఇల్లుంది. పిసినారి అందామా అంటే అదీ కాదు, ఖర్చు పెడతారు. ఎదుటి మనిషి కాలెంతో, చెయ్యెంతో ఆ మనిషి కంటే తనకే బాగా తెలుసన్న పొగరు, అంతే.

లిడియా డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి.లో రైఫిల్ పట్టింది. ఆ తరవాత హైదరాబాదులో ఒక శిబిరానికి వెళ్ళి క్లే షూటింగ్ నేర్చుకొచ్చింది. యంత్రం గాలిలోకి విసిరిన మట్టి పళ్ళేన్ని, అది కిందపడేలోగా తుపాకీతో పగలగొట్టాలి. అరువు తుపాకీతోనే పిల్ల బాగా కొట్టిందని కోచ్ మెచ్చుకున్నాడు. రాష్ట్ర జట్టుకు ఎంపిక రెండువేల నాలుగు చివర్లో జరుగుతుందనీ, ఈలోగా సొంత తుపాకీ మీద చెయ్యి కుదిరితే చోటు దొరకొచ్చనీ చెప్పాడు. ఆ చోటు కోసం పిల్ల నిద్రాహారాలు మానేసింది. తోటలో అడవిపందుల బెడదని బావగారికి ఎప్పటినుంచో లైసెన్సు ఉంది. దాంట్లో కూతురి పేరు చేర్పించారు. ఆ ఒక్క పనికీ ఆయన్ని మెచ్చుకున్నాను.

తుపాకీ కొనడానికి ముగ్గురం బెజవాడ వెళ్ళాం. షాపు మొహిద్దీన్‌గారిది. ఈ ఆటకు పనికొచ్చేవి, గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేవి, ఆయన దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి పాతది, చెక్కంతా గీతలు. లిడియా దాన్ని ఎత్తగానే వెనక చివరనున్న చెక్క మడమ భుజంలో కుదురుకుంది, బుగ్గ చెక్క మీద ఆనింది. పిల్ల ముఖం విప్పారింది.

"ఇదే నాన్నా," అంది.

బావగారి కన్ను అప్పటికే రెండో దాని మీద పడింది. అది పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉంది. దానికి పక్కన బిగించిన, వెండిలా మెరిసే రేకు మీద ఎగిరే బాతులు చెక్కి ఉన్నాయి.

"ఏవండీ మొహిద్దీన్‌గారూ, గీతలు పడ్డది మాకెందుకండీ? ఆ బాతులున్నది తియ్యండి."

"అది ఎవరో బాగా పొడుగాయన చేయించుకున్నదండీ. అమ్మాయిగారికి చెక్క పొడవైపోతుందండీ."

"ఎదిగే పిల్లేనండీ."

ఎదిగే పిల్లకు అప్పటికి ఇరవై రెండేళ్ళు.

"నేనింక ఎదగను నాన్నా," అంది లిడియా.

"నువ్వెదక్కపోతే ఏమ్మా, రేపు అల్లుడొస్తాడు కదా! ఆరడుగులవాణ్ణే చూస్తాను. ఇంట్లో ఒక్క తుపాకీ ఉంటే ఇద్దరికీ పనికిరావద్దూ?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. ఈయన సోమలింగానికి ఏకంగా తుపాకీ కొంటున్నారు.

"బావగారూ, కాల్చేది పిల్లండీ. దానికి కుదరాలి కదండీ," అన్నాను.

"నువ్వూరుకో హెన్రీ. నీకు ముందుచూపు లేదు."

బాతులు ఏలూరు వచ్చాయి.

పెదవేగి తోట పక్క బీడులో సాధన మొదలైంది. పళ్ళేలు విసిరే యంత్రం తాడు బావగారే లాగేవారు. పిల్ల తుపాకీ ఎత్తుతుంటే చెక్క మడమ చంక దగ్గర బట్టకు తట్టుకునేది. దాన్ని విడిపించుకునేసరికి పళ్ళెం గడ్డిలో ఉండేది. తట్టుకోకుండా లేచిన రోజు మడమ భుజం దాటి జబ్బ మీద నిలిచేది. పేల్చగానే అక్కడే తన్నేది. పది రోజులకు జబ్బంతా నేరేడుపండు రంగు తేలింది, దవడ వాచింది.

"అలవాటవ్వాలమ్మా. చిన్నప్పుడు బూట్లు అలవాటు కాలేదూ?" అనేవారు ఆ పెద్దమనిషి. వీధిలోకి వచ్చి మాత్రం, "ఎంతైనా ఆడపిల్లండీ, రెక్కల్లో బలం ఉండొద్దూ?" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక రోజు ఎలా కాల్చాలో తానే చూపిస్తానని తుపాకీ అందుకున్నారు. ఆయనా పొట్టే. ఒక్కటి పేల్చి, వెనక్కి తూలి, తోటకు నీళ్ళు పారే బోదెలో కూర్చున్నారు. పంచె పిండుకుంటూ లేచి, "పవరున్న తుపాకీ అయ్యా!" అన్నారు. పళ్ళెం చెక్కుచెదరకుండా గడ్డిలో పడి ఉంది.

రాత్రి కూతురి జబ్బకు కాపడం పెడుతూ మా అక్క మెల్లిగా అంది: "చెక్క కొంచెం కోయిస్తే సరిపోతుందంటందండీ పిల్ల."

"అల్లుడి వస్తువు మీద రంపం పెడతారా? బుద్ధుందా మీకు?" అని బావగారు కంచం ముందునుంచి లేచిపోయారు.

అప్పుడు లిడియా గొంతు పెంచకుండానే చెప్పింది: "సోమవారం కోయిస్తాను నాన్నా. మీకు చెప్పకుండా చెయ్యడం ఇష్టంలేక చెబుతున్నాను. ఎంపిక వచ్చే నెలే. ఇది పోతే నాకింకోటి లేదు."

ఆయన అలిగారు. మర్నాడు పొద్దున టిఫిను మానేశారు, మధ్యాహ్నం అన్నం మానేశారు. సాయంత్రం సెంటరులో పునుగులు తింటూ నాకు కనబడ్డారు. నన్ను చూసి పొట్లం పక్కకు తిప్పుకున్నారు.

సోమవారం వడ్రంగి తాతారావు ఇంటికే వచ్చాడు. లిడియా తుపాకీ విడదీసి చెక్క మాత్రం అతనికిచ్చింది. తన భుజానికీ వేలికీ మధ్య దూరం కొలుచుకుని పెన్సిలు గీత గీసింది. అలిగిన మనిషి తలుపు చాటున నిలబడ్డారు. రంపం ఆడినంతసేపూ "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నారు. తాతారావు మడమకు రబ్బరు బిళ్ళ బిగించి వెళ్ళాక, పొట్టులో పడి ఉన్న ముక్కను ఆయన తీసుకుని లోపలికి వెళ్ళారు. పోనీలెమ్మని ఎవరం పట్టించుకోలేదు.

ఆ రోజునుంచీ పళ్ళేలు పగలడం మొదలైంది. హైదరాబాదు ఎంపికకు పిల్లతో నేను వెళ్ళాను. బావగారు రాలేదు. కోసేసిన తుపాకీ పక్కన నిలబడటం నామోషీ అన్నారు. చదివిన పేర్లలో లిడియా పేరే ఆఖరుది. ఆఖరుదైతేనేం, జట్టులో ఉంది. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే ఇల్లు చేరాం. మా అక్క కూతుర్ని కావలించుకుని వదల్లేదు. బావగారు కుర్చీలోంచి లేచారు. పిల్లను దీవిస్తారనుకున్నాను. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి, జేబురుమాలులో చుట్టిన మూటొకటి తెచ్చి నా ముందు విప్పారు. కోసిన చెక్కముక్క అది. పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు కూడా వేశారు.

"చూశావా హెన్రీ, మీకెవరికైనా తట్టిందా? దీని సరదా తీరిపోయింది కదా. అల్లుడు రాగానే మళ్ళీ అతికించేస్తే ఎప్పటిలాగే అయిపోతుంది!"

లిడియా ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ మనిషి మీద నాకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది.

"ఇలా ఇవ్వండి," అంది మా అక్క.

భద్రంగా దాస్తుందనుకుని ఆయన ఇచ్చేశారు. ఆవిడ దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ కాగు కింద పొయ్యిలో బాగా లోపలికి తోసింది. నూనె పట్టిన చెక్క, చప్పున అంటుకుంది. అది పూర్తిగా మండేదాకా అక్కడే నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"నీళ్ళు కాగాయండీ, స్నానానికి లేవండి," అంది.